ఎక్కని ఆరు ఇళ్లు

నేను పుట్టు పిరికిదాన్ని. బస్సులో టికెట్ చేతిలోనే ఉన్నా చెకింగ్ వాళ్లు ఎక్కితే గుండె దడదడలాడేది. అలాంటిదాని చేతిలో ఆఫీసువాళ్లు ఆ మిషన్ పెట్టారు. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఇంటింటికీ తిరిగే సర్వే పని నాది. కాగితాల్లేవు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, దాని తెర మీద పుల్లలాంటి పెన్నుతో నొక్కాలి. సాయంత్రం మేడ్చల్ ఆఫీసుకు వచ్చి, పెద్ద కంప్యూటర్‌కు వైరు తగిలించి, రాసిందంతా అందులోకి ఎక్కించాలి.

"ఛార్జింగ్ ఖతమైతే లోపలున్నదంతా సాఫ్ అయితదమ్మా, జర పైలం" అని మా సారు మొదటిరోజే చెప్పాడు. ఆ రోజు నుంచి బువ్వ తింటూ కూడా దాని ఛార్జింగే చూసుకునేదాన్ని.

ఒకరోజు శామీర్‌పేట చెరువు దగ్గర చేపలు పట్టేవాళ్ల వాడలో ఇరవై మూడు ఇళ్లు రాశాను. చివరి ఇంట్లో ఆమె నాకంటే కొంచెం పెద్దది. పిల్లలెందరు పుట్టారని అడిగితే ముగ్గురంది. ఇప్పుడెందరు ఉన్నారంటే ఇద్దరంది. తర్వాత మొదలుపెట్టింది. నాలుగేళ్ల పిల్ల, జ్వరం, ఆటో దొరకని పొద్దు, దవాఖాన గేటు కనపడుతుండగా ఒళ్లోనే సల్లబడటం, అంతా చెప్పింది. నేను మధ్యలో ఆపలేకపోయాను. ఒళ్లో మిషన్ వెలుగుతూనే ఉంది.

కొంగుతో మొహం తుడుచుకుని, "ఇగ గీ ముచ్చట నన్ను మల్ల అడగకు చెల్లె. నాతోని గాదు" అంది.

అడగను అక్కా అని మాటిచ్చి బయటికొచ్చి చూస్తే ఎర్ర గుర్తు మెరుస్తోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె చెప్పిందంతా ఆ కొద్దిపాటి ఛార్జింగ్ మీదే నిలబడి ఉంది. అది పోతే మళ్లీ ఆ గడపకే రావాలి.

షేర్ ఆటోలో సంచిని కడుపుకు అదుముకుని కూర్చున్నాను. తెర వెలిగిస్తే ఉన్నది కూడా అయిపోతుందేమోనని భయం, వెలిగించకపోతే ఉందో లేదో తెలియక ఇంకా భయం. మేడ్చల్‌లో రైలు గేటు పడింది. గూడ్సు బండి డబ్బాలు ఎంతకూ తెగలేదు. ఆ గూడ్సు డ్రైవర్‌ని మనసులో తిట్టని తిట్టు లేదు.

మెట్లెక్కి, ఎవరినీ పలకరించకుండా వైరు తగిలించాను. పెద్ద కంప్యూటర్ తెర మీద ఇళ్లు రాసిన వరుసలోనే ఒక్కొక్కటి ఎక్కుతున్నాయి. పది. పదిహేను. పదిహేడు దగ్గర కరెంటు పోయింది. యూపీఎస్ రెండుసార్లు కూసి ఊరుకుంది. నా చేతిలోని మిషన్ కూడా అప్పుడే నల్లబడింది.

కరెంటు వచ్చాక చూస్తే పదిహేడే ఉన్నాయి. మిషన్ కొత్తదానిలా గడియారం టైం పెట్టమని అడుగుతోంది. సారు దగ్గరికి వెళ్లాను.

"చివరి ఇల్లు నాకు మాట మాట గుర్తుంది సార్. ఇక్కడ కూర్చుని నింపుతాను."

"గట్ల నింపినందుకే పోయిన నెల ఒకామెను తీసేసిండ్రు. ఆరిండ్లే గదా. రేపు పొద్దుగాల పోయి రాస్కరా" అన్నాడు సారు. కోపంగా కూడా అనలేదు.

మర్నాడు మిగతా ఐదిళ్లు కావాలని మెల్లగా రాశాను. చివరి ఇంటికి వెళ్లేసరికి ఆమె గుమ్మంలో వల కుట్టుకుంటోంది. నన్ను చూసి నవ్వబోయి, చేతిలో మిషన్ చూసి ఆగిపోయింది.

"నిన్నటిది పోయిందక్కా. నాదే తప్పు" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అడుగు" అంది.

పేరు, వయసు, ఇంటి పని అన్నీ అయ్యాయి. పిల్లలెందరు పుట్టారన్న ఆ ప్రశ్న వచ్చింది. అడిగాను. ఆమె వల మీంచి తలెత్తలేదు.

"ఇద్దరు."

"ఇప్పుడున్నది?"

"ఇద్దరే."

నిన్న ముగ్గురన్నావు కదా అక్కా అనడానికి నాకు నోరు రాలేదు. రెండు అని నొక్కాను. మిషన్ చనిపోయినవాళ్ల ప్రశ్నలన్నీ దాటేసి, ఇంట్లో మరుగుదొడ్డి ఉందా అని అడిగింది. సాయంత్రం మిగిలిన ఆరు ఇళ్లూ ఏ ఆటంకం లేకుండా ఎక్కాయి. ఆ నాలుగేళ్ల పిల్ల వాటిలో ఎక్కడా లేదు.