దొరసానికి కుందేలు పత్యం

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను పెంచి చెబుతాను. మా ఆవిడ నా మాటల్ని సగానికి మడిచి వింటుంది. తోటి మాస్టార్లు నాలుగు మడతలు పెడతారు. మీకెన్ని కావాలో మీరూ పెట్టుకోండి. భయాన్ని మాత్రం మడవకండి. అది నేను పడ్డదానికన్నా కాస్త తగ్గించే రాస్తున్నాను. ఒక పిల్లికి పత్యం పెట్టబోయి, పాతికేళ్ళ వయసులో, ఇంకా పెళ్ళి ముచ్చటైనా తీరకుండా, నేను జైలు గడప దాకా ఎలా వెళ్ళానన్నదే ఈ సంగతి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో టేకులపల్లిలో మాస్టారుగా చేరాను. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించడం నా పని. మాది మధిర వైపు, ఇంట్లో నీచు వండరు. పెళ్ళికాని వాడికి గది ఇచ్చేవాళ్ళు లేక ఊరు మూడు చుట్లు తిరిగితే, చివరికి దొరికింది ఫారెస్టు సెక్షన్ ఆఫీసరు గారి పెరటి గది.

సెక్షన్ సారు మనిషి ఎత్తు ఏడడుగులు. మీసం మీద అటో పిచ్చుక ఇటో పిచ్చుక కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. ఇంటి పక్కనే ఆయన ఆఫీసు. దాని ముందు పట్టుబడిన ఎడ్లబండ్లు, రంపాలు, వలలు వరుసగా పడి ఉండేవి. వాటి సొంతదారులు ఏమయ్యారో నేనెప్పుడూ అడగలేదు. నేను చేరిన నెలలోనే అడవి పందికి ఉచ్చు పెట్టినవాణ్ణి జీపెక్కించడం కిటికీలోంచి చూశాను. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నేను తినేది బీరకాయ కూరే అయినా సరే.

ఆయన అడవికి ఆఫీసరైతే, ఆయనకు ఆఫీసరు సరోజక్క. ఆ ఇల్లాలికి ప్రాణం లాంటిది దొరసాని. అంటే పిల్లి. తెల్లగా, బొద్దుగా ఉండాల్సిన దొరసానికి ఆ ఏడాది దురద పట్టుకుంది. మెడ, చెవుల వెనక వెంట్రుకలు ఊడి, గోకి గోకి నెత్తురు కారుతుండేది. సరోజక్క వేపనూనె రాసింది, పసుపు రాసింది. పసుపు రాసిన పిల్లి పెళ్ళికూతురులా కనిపించింది కానీ దురద పోలేదు. ఇంతలో కల్లూరులో ఉన్న కూతురికి రెండో కాన్పని, సరోజక్క మూడు నెలలు వెళ్ళాల్సి వచ్చింది.

"పంతులూ, దీన్ని నీకే అప్పజెప్పి పోతున్న," అంది, పిల్లిని నా ఒళ్ళో పడేసి.

"నాకెందుకక్కా? సారు ఉన్నారు కదా!"

"ఆయనకు దీని మీద ప్రేమెక్కువ, బుద్ధి తక్కువ. నువ్వైతే నీచు ముట్టవు. పిల్లి కూడు పిల్లికే పోతది. నేనొచ్చే వరకు దీని మెడ మీద వెంట్రుకలు మొలవాలె. మొలిస్తే ఈ గది నీది. మొలవకపోతే..."

వాక్యం పూర్తి చేయలేదు. నా చాప వంక చూసింది, తర్వాత రోడ్డు వంక చూసింది. వ్యాకరణం తెలిసినవాణ్ణి, మిగతాది నేనే పూరించుకున్నాను.

మర్నాడే దొరసానిని సంచిలో పెట్టుకుని పశువుల దవాఖానాకు పరుగెత్తాను. డాక్టరమ్మ అప్పటికి భుజం దాకా ఒక బర్రె లోపల ఉంది. బయటికొచ్చి, చేతులు కడుక్కుని, పిల్లి మెడ అటూ ఇటూ విప్పి చూసింది.

"పేన్లు లేవు, గజ్జి లేదు. ఏం పెడుతున్నరు?"

"పాలన్నం, చేప, కోడి. ఆదివారం మేక."

"ఇది తిండి పడక వచ్చే దురద. ఏది పడతలేదో తెల్వాలంటే అన్నీ బంద్ చెయ్యాలె. పుట్టినసంది తినని మాంసం ఒక్కటే, నేనిచ్చే పొడి కలిపి, ఎనిమిది వారాలు పెట్టు. మధ్యల వేరేది ఒక్క ముక్క తిన్నదా, మళ్ళ మొదటికే."

"తినని మాంసం ఏముంటుందండీ?"

"కుందేలు పెట్టు."

నా గుండె ఒక్కసారి కుందేలులాగే గెంతింది. కుందేలంటే నాకు తెలిసింది ఒక్కటే, అడవి కుందేలు. దాన్ని పట్టినా, కోసినా, వండినా కేసే. వండాల్సింది ఎక్కడ? ఫారెస్టు ఆఫీసరు పెరట్లో!

"ఎక్కడ దొరుకుతదో చెప్త, ఆగు పంతులూ..."

"వద్దండీ! నాకు తెలుసు!" అని పొడి పొట్లమూ సంచీ పట్టుకుని పారిపోయాను.

"ఒక్కసారిగ మార్చకు! పిల్లి రెండు రోజులు పస్తుంటే లివర్ ఖరాబైతది!" అన్న మాట మాత్రం గేటు దాకా తరిమి తరిమి నా చెవిలో దూరింది. పనికొచ్చే మాట వినకుండా పారిపోయి, భయపెట్టే మాట మూటగట్టుకొచ్చానన్నమాట.

నాకు తెలిసింది ఏమీ లేదు కాబట్టి టీ కొట్టుకు వెళ్ళి, పేరెత్తకుండా, తల మీద రెండు వేళ్ళు చెవుల్లా నిలబెట్టి సైగ చేశాను.

"కుందేలా?" అని అరిచాడు టీ కొట్టాయన, కొత్తగూడెం దాకా వినబడేలా. "రోడ్డు మీద యాకూబ్ భాయ్ దగ్గరికి పో!"

చుట్టూ ఉన్నవాళ్ళు హాయిగా టీ తాగుతున్నారు. ఊరు ఊరంతా నేరంలో మునిగి ఉందని నాకప్పుడు అర్థమైంది.

యాకూబ్ భాయ్ గేటు ఊరి చివర రోడ్డు మీదే ఉంది. పక్కన ఏదో బోర్డున్నట్టుంది కానీ, దాని నిండా కాకరతీగ అల్లుకుపోయి ఒక్క అక్షరమూ కనపడేది కాదు. సైకిలు దిగి, గేటుకు వీపు చేసి నిలబడ్డాను.

"ఆవో సార్! కుందేలేనా?"

"ష్! పేరెత్తకు!"

"లోపలికొచ్చి చూసుకో సార్. ఏది కావాల్నంటే అది..."

"నేనేమీ చూడలేదు, నువ్వేమీ చూపలేదు. పావు చాలు. జల్దీ!"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఎందుకో జాలిపడి గొంతు తగ్గించాడు. "అవ్ సార్. సమజైంది. ఎవ్వలికి చెప్ప." మాంసాన్ని టేకాకులో చుట్టి ఇచ్చాడు. మాంసమూ అడవిది, ఆకూ అడవిది. ఒకే పొట్లంలో రెండు కేసులు!

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను కళ్ళు మూసుకుని కుందేలు వండాను. ముక్కు కూడా మూసుకున్నాను. చెవులు మూసుకోవడానికి చేతులు మిగల్లేదు. అందుకే కుక్కరు వేసిన ప్రతి విజిలూ సెక్షన్ సారు వేసినట్టే వినబడింది. మూడో విజిలుకి మంచం కింద ఉన్నాను.

ఇంత చేస్తే దొరసాని గిన్నె వాసన చూసి, ఒక ముందుకాలితో చుట్టూ నేలంతా గోకింది. పిల్లులు ఆ పని దేని మీద మట్టి కప్పడానికి చేస్తాయో మీకు తెలుసు. ఆ రోజంతా పస్తే. మర్నాడు పొద్దునకీ ముట్టలేదు. లివరు! నేను నేల మీద బోర్లా పడుకుని, గిన్నె పక్కన మొహం పెట్టి, "తల్లీ, ఒక్క ముద్ద! నీ లివరు పోతే నా గది పోతుంది, ఆ తర్వాత నేను పోతాను" అని బతిమాలాను. చివరికి డాక్టరమ్మ చెప్పినట్టే పాత తిండిలో కొంచెం కొంచెంగా కలుపుతూ వస్తే, అయిదో రోజుకి ఉత్త కుందేలు తినడం మొదలుపెట్టింది. పిల్లికి పత్యం, పంతులుకు ప్రాణసంకటం!

ఇక రోజు మార్చి రోజు అదే తంతు. ఎముకలు టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకెళ్ళి బడి వెనక పాతిపెట్టేవాణ్ణి. రోడ్డు మీద జీపు చప్పుడైతే బోర్డు మీద రాస్తున్న సుద్దముక్క విరిగేది. ఆదివారం ఆదివారం సరోజక్క ఫోను.

"పంతులూ, మెడ ఎట్లున్నది?"

"ఎవరిదక్కా?"

"నీ మెడతోటి నాకేం పని!"

మూడు వారాలకు నెత్తురు ఆగింది. దొరసాని మెడ మీద నూగు నూగుగా వెంట్రుకలు కనబడ్డాయి. నేను వాటిని లెక్కపెట్టాను కూడా. నాలుగో వారంలో ఉన్నట్టుండి మళ్ళీ గోకుడు, మళ్ళీ నెత్తురు. డాక్టరమ్మ చూసి తలూపింది. "ఎవరో వేరేది పెడుతున్నరు."

వీధిలో అందర్నీ అనుమానించాను. పాలవాణ్ణి, పక్కింటి ముసలమ్మని, చివరికి ఎదురింటి ఆవుని కూడా. ఎవరూ ఒప్పుకోలేదు. అయిదో వారం ఆదివారం మధ్యాహ్నం అసలు ప్రళయం వచ్చింది. దొరసాని నా క్యారియర్‌లోంచి ఒక ఎముక లాక్కుని, వాకిట్లో కుర్చీలో కూర్చున్న సెక్షన్ సారు బూట్ల ముందు పెట్టి, మూతి నాక్కుంది. ఆయన ఎముకను చూశారు. నా గది వైపు చూశారు. లేచి లోపలికొచ్చారు.

"పంతులూ, నీతోటి ఒక మాటున్నది. తలుపెయ్యి."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. ఇక్కడ గుమ్మడికాయ అన్న మాటే రాలేదు. నేను రెండు భుజాలూ ఊడదీసి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను.

"నేనే సార్! అడవి కుందేళ్ళు సార్! అయిదు వారాలుగా సార్! ఎముకలు బడి వెనక పాతాను సార్! పిల్లి కోసం సార్! మా నాన్నకి చెప్పకండి సార్!"

తల గోక్కుంటూ, మెత్తగా ఏదో చెప్పబోయిన మనిషి మొహంలో ఆఫీసరు నిద్రలేచాడు.

"ఏందీ? కుందేళ్ళా? నా ఇంట్లనా? ఎవడిచ్చిండు?"

"యాకూబ్ భాయ్ సార్."

"జీపెక్కు."

ఎక్కాను. కాళ్ళు ఎక్కలేదు, ఆయనే మెడ పట్టి ఎక్కించారు. వెనక తాళ్ళ మధ్య కూర్చుని, మర్నాటి నుంచి మా బడిలో పిల్లలు "జ" అంటే ఏం దిద్దుతారో ఊహించుకున్నాను. జ, జైలు. జైలు, మా పంతులుగారు.

యాకూబ్ భాయ్ గేటు దగ్గర జీపు ఆగింది. సారు దిగి, లాఠీతో కాకరతీగను పక్కకు తప్పించి, బోర్డు వంక చాలాసేపు చూశారు.

"పంతులూ, చదువు."

"సార్..."

"గట్టిగ చదువు. నీ కొలువే అది గదా!"

"యా... కూబ్... కుందేళ్ళ... ఫారం. ఇక్కడ... పెంపుడు కుందేళ్ళు... అమ్మబడును."

గేటు వెనక వెయ్యి బోనులు. వెయ్యి తెల్ల కుందేళ్ళు. అన్నీ నోరు ఆడిస్తూ నా వంకే చూస్తున్నాయి. నే పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడు నాకంటే నయం. వాడు కాళ్ళైనా చూశాడు.

"సలాం సార్!" అంటూ యాకూబ్ భాయ్ వచ్చాడు. "పంతులుగారిని ఎన్నిసార్లు లోపలికి రమ్మన్నా రాలే. నీచు తినని ఇంటోడు, పాపం, చాటుమాటుగ తింటున్నడని నేను గూడ ఎవ్వలికి చెప్పలే. మా ఇంటామెకు తప్ప."

తిరుగు దారిలో సారు జీపు ఓ పక్కకు ఆపారు. నన్ను తిడతారనుకుని కళ్ళు మూసుకున్నాను. తిట్లు రాలేదు. కళ్ళు తెరిస్తే ఆయన మీసం వణుకుతోంది.

"నేను నీ గదికి వచ్చింది కుందేలు సంగతికి కాదు పంతులూ. ఆ గోకుడుంది చూడు... అది నా వల్లనే. దినాం పొద్దుగాల్ల ఒక చేప తల పెడుతున్న."

"సార్! మీరా!"

"అది చూస్తది పంతులూ! బూట్లేసుకుంటుంటే ముందల కూసుండి గట్ల చూస్తది. కలప లారీలాపిన చెయ్యి గీ చూపును ఆపలేకపోయింది. మా సరోజకు తెలిస్తే..."

ఆయనా వాక్యం పూర్తి చేయలేదు. ఆ ఇంట్లో అందరిదీ ఒకే వ్యాకరణం. ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. చేప సంగతి నేను చెప్పను, అడవి కుందేలు సంగతి ఆయన చెప్పరు. మర్నాటి నుంచి మళ్ళీ మొదటి వారం. సారు బూట్లు తలుపు వేసుకుని తొడుక్కోవడం మొదలుపెట్టారు. ఎనిమిది వారాలు తిరిగేసరికి దొరసాని మెడ పట్టుకుచ్చులా నిండిపోయింది.

సరోజక్క బస్సు దిగి ఇంటికొచ్చింది. పిల్లి మెడ వంకైనా చూడలేదు. నా వంక చూసింది.

"ఏం పంతులూ! మూడు నెలలు కుందేళ్ళు మస్తుగ తిన్నవంట! యాకూబ్ భాయ్ భార్య బస్టాండుల నన్నాపి మరీ చెప్పింది. పిల్లి కూడు గుంజుకుని తింటావా?"

"అక్కా, నేను కాదు! సారుని అడగండి!"

సారు పైకప్పు వంక చూస్తున్నారు. సాక్ష్యం చెబితే జీపు సంగతి రావాలి, జీపు వస్తే చేప రావాలి. కలప దొంగల మీద అన్ని సాక్ష్యాలు చెప్పిన మనిషి నా ఒక్కడి దగ్గర మూగబోయారు.

సరోజక్క పొయ్యి మీది కుందేలు గిన్నె మూత తీసి నా ముక్కు కింద పెట్టింది. నేను కళ్ళు తిరిగి, గడప దాటి, పెరట్లో తులసి కోట పక్కన కూలబడ్డాను.

"అవ్, పంతులు తినలే," అని తీర్పు చెప్పింది.

అప్పుడే దొరసాని వచ్చింది. నేరుగా సారు బూట్ల ముందు కూర్చుని, తలెత్తి, గట్ల చూసింది. సరోజక్క పిల్లిని చూసింది, మొగుణ్ణి చూసింది.

"దేని కోసం చూస్తున్నదది?"

సారు భుజాలు తడుముకున్నారు.

గది నాకే మిగిలింది. తర్వాత డాక్టరమ్మ చెప్పినట్టు ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూస్తే కోడి, మేక, పాలు పడ్డాయి. పడనిది చేప ఒక్కటే. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో చేపలు బంద్. పిల్లికే కాదు, సారుకీ.

నేను మాత్రం దొరసాని తోక సాక్షిగా ఒక ప్రమాణం చేశాను. ఇక మీదట భయపడే ముందు ఎదురుగా ఉన్న బోర్డు చదువుతాను. చదివాక కూడా భయం మిగిలితే, అప్పుడు కూర్చుని తీరిగ్గా భయపడతాను.

ఇక కల్పించినదేదో చెప్పేస్తాను. వెయ్యి బోనులు కాదు, ఓ నలభై ఉంటాయి. సారు ఏడడుగులు కాదు. ఇవన్నీ పొంగు, కల్పన కాదు. నిజంగా కల్పించింది ఒక్కటే, ఆ కాకరతీగ. ఆ బోర్డు మీద తీగ లేదు, ఆకు లేదు, సారు లాఠీతో తప్పించడానికి అక్కడ ఏమీ లేదు. బోర్డు నా ఎత్తుంది, అక్షరాలు ఎర్రరంగు. అయిదు వారాలూ రోజు మార్చి రోజు నా సైకిలు దానికే ఆనించాను. హ్యాండిలు రాసుకుని రాసుకుని, "కుందేళ్ళ" అన్న మాట సగం చెరిగిపోయింది కూడా.