ఎడమ వెనక చక్రం

మా ఆయన పోయాక నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటించాను. మా ముస్లిం ఇళ్లల్లో భర్త పోయిన ఆడవాళ్లు గడప దాటకుండా గడిపే రోజులవి. బడికి సెలవు పెట్టాను. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ రెండోసారి చదవడం అయిపోయాక, కారుతోపాటు కంపెనీవాళ్లిచ్చిన పుస్తకం కూడా తెప్పించుకుని అట్ట నుంచి అట్ట దాకా చదివాను. అది చదివినప్పుడు ఏడవలేదు. అందుకే ఇంకోసారి చదివాను.

గడువు తీరిన మర్నాడు కారు తీశాను. హ్యాండ్ బ్రేకు దించినా బండి కదల్లేదు. యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే వెనక ఏదో విరిగినట్టు టక్కుమంది, కారు ఒక్కసారిగా ముందుకొచ్చింది. అప్పటి నుంచి ఒకటే గరగర. బండరాయి మీద ఇనుప చట్రం ఈడ్చినట్టు ఉంది.

మా మరిది ఆ చప్పుడును ఫోన్లో రికార్డు చేసి అల్లూరులో మెకానిక్‌కి పంపాడు. ఆ కారును మొదటి నుంచీ చూస్తున్న మనిషి ఆయన. గేరుబాక్సు పోయి ఉంటుందని, బాగుచేయించడం కన్నా అమ్ముకోవడం మేలని జవాబు పెట్టాడు. సాయంత్రానికి మరిది బిట్రగుంటలో ఒకాయనతో మాట్లాడాడు. ఆదివారం వచ్చి బండి చూసుకుని తీసుకుపోతాడట. మరిది నా మంచికే చేశాడు, అందులో అనుమానం లేదు.

నేను విడవలూరు బడికి వెళ్లిరావాలి. బస్సులో వెళ్లొచ్చు, అందరూ వెళ్తున్నారు. కానీ మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాకు నేర్పిన పని డ్రైవింగ్ ఒక్కటే. మిగతావన్నీ నేనే తనకి నేర్పానని నలుగురిలో చెప్పేవారు. కారు పోతే ఆ పని కూడా నా చేతిలోంచి పోతుంది. ఆదివారం దాకా ఆగమన్నాను.

"ఏం చేస్తావు వదినా నువ్వు? మెకానికే చెప్పినాడు కదా."

"ఫోన్లో విని చెప్పినాడు. నేను బండిలో కూర్చోని వింటాను."

"అది మధ్యలో ఆగిపోతే? ఎక్కబాక, చెప్తుండా."

ఎక్కాను. మా ఆయన రొయ్యల గుంటల్లో నీళ్లు పరీక్ష చేసే పని చేసేవారు. గుంటలో రొయ్య తేలిందంటే రైతులు వెంటనే జబ్బు పేరు చెప్పేస్తారు, మందు పోసేస్తారు. ఆయన మాత్రం ఏది కాదో ముందు తేల్చేవారు. ఉప్పు సరిగ్గా ఉందా, ఉంటే అది కాదు. నీళ్లలో గాలి ఆడుతోందా, ఆడితే అదీ కాదు. రైతు విసుక్కున్నా ఆయన తొందరపడేవారు కాదు. ఆ పద్ధతి నాకు బాగా తెలుసు. రోజూ భోజనం దగ్గర విన్నదే.

నిలబెట్టిన కారును న్యూట్రల్‌లో ఉంచి ఇంజను వేగం పెంచాను. గరగర లేదు. ఇంజను కాదు. గుంటల మధ్య కట్ట రోడ్డు మీద ఇరవై దాటకుండా నడిపాను. గేరు మార్చినా చప్పుడు మారలేదు. న్యూట్రల్‌లో వేసి దొర్లనిచ్చాను. చప్పుడు అలాగే ఉంది, చక్రాలు నెమ్మదించినకొద్దీ అదీ నెమ్మదించింది. గేరుబాక్సు మీద అనుమానం అక్కడితో సగం పోయింది. బ్రేకు మీద కాలు ఆనిస్తే గరగర లావుగా, బరువుగా మారింది. మిగతా సగం పోయింది, తప్పు బ్రేకుదే.

ఇక ఏ చక్రమో తెలియాలి. ఐసు ఫ్యాక్టరీ ప్రహరీ పొడవైనది. అద్దాలు దించి గోడ పక్కగా ఒకసారి అటు, ఒకసారి ఇటు పోయాను. గోడ ఎడమ పక్కన ఉన్నప్పుడు చప్పుడు గోడకు తగిలి నా చెవిలోకి వచ్చింది. కుడి పక్కన ఉన్నప్పుడు అంత రాలేదు. వాచ్‌మన్ లేచి నిలబడి చూశాడు. టీచరమ్మకి దిగులుతో మతి పోయిందనుకుని ఉంటాడు.

ఇంటికొచ్చి మరిది చేత జాకీ పెట్టించాను. ముందు ఎడమ చక్రం చేత్తో తిప్పితే సాఫీగా తిరిగింది. వెనకది తిప్పితే రాపిడి అరచేతికి తెలిసింది. మరిదిని కూడా తిప్పి చూడమన్నాను. తిప్పాడు, మళ్లీ తిప్పాడు.

శనివారం అల్లూరు వెళ్లాం. ఎడమ వెనక చక్రం, బ్రేకు డ్రమ్ము లోపల, అని చెప్పాను. మెకానిక్ తల కూడా ఎత్తలేదు. గేరుబాక్సు చూస్తానన్నాడు. ముందు డ్రమ్ము ఊడదీయమన్నాను. తుప్పు పట్టి రాలేదు. సుత్తితో చాలాసేపు కొడితే వచ్చింది. లోపలి నుంచి, డ్రమ్మును ఒత్తి చక్రాన్ని ఆపే బ్రేకు లైనింగు ముక్క ఒకటి కింద పడింది. రెండో ముక్క అది అతికి ఉండే ఇనుప షూకీ డ్రమ్ముకీ మధ్య నలిగి ఉంది.

మెకానిక్ ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. "నాదే తప్పు టీచరమ్మా. ఫోన్లో విని చెప్పుండకూడదు."

తర్వాత మరిదిని చూసి, ఈ బండిని ఉప్పు నీళ్లతో కడిగిందెవరని అడిగాడు.

మా ఇంటి బోరులో ఉప్పు నీళ్లే వస్తాయి. అన్న కారు దుమ్ము పట్టి ఉండకూడదని మరిది ఆ నాలుగు నెలలూ ప్రతి శుక్రవారం నమాజుకు వెళ్లేముందు దాన్ని కడిగేవాడు. నేను కిటికీలోంచి చూసేదాన్ని. కుళాయి ఉన్నది ఎడమ పక్కనే. బండి కదలదు, హ్యాండ్ బ్రేకు వేసే ఉంది, లోపల తడి ఆరలేదు. లైనింగు డ్రమ్ముకు అతుక్కుపోయింది. నేను తొక్కినప్పుడు ఊడి విరిగింది.

"నా వల్లేనా వదినా?"

కాదని చెప్పడం తేలిక. కానీ మా ఆయన ఏ రైతుకీ అట్లా చెప్పలేదు.

"నీ వల్లే. కదలని బండిని కడిగి వదిలేయకూడదు. నేను కూడా చూస్తా ఊరుకున్నా."

మరిది చొక్కా చేతులు మడిచి, మెకానిక్ దగ్గర గరుకు కాగితం అడిగి తీసుకుని, నేల మీద కూర్చుని డ్రమ్ముకు పట్టిన తుప్పు రుద్దడం మొదలుపెట్టాడు. రెండు పక్కలా కొత్త లైనింగులు వేశారు. గరగర పోయింది. దారిలో మరిదే బిట్రగుంట ఆయనకు ఫోన్ చేసి, బండి అమ్మడం లేదని చెప్పాడు.

సోమవారం కారులో బడికి వెళ్లాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి సంగతి ఊరంతా తెలిసిపోయింది. నేనెవరికీ చెప్పలేదు. మరిది టీ అంగడి దగ్గర చెప్పాడట. మెకానిక్‌కి దొరకని జబ్బును మా వదిన గోడ పక్కన విని పట్టిందన్నాడట. ఆ చప్పుడు తెచ్చిపెట్టింది తనేనని కూడా దాచకుండా చెప్పాడట. నా గురించి చెప్పినదానికి సంతోషపడ్డాను. కానీ రెండోమాట విన్నప్పుడే, వాళ్లన్న ఉంటే ఎంత గర్వపడేవారో అనిపించింది. ఆయన లేరు కాబట్టి ఆ గర్వం నేనే పడ్డాను.