నేను చేసిన కుంకుమ

వాల్తేరులో ఎమ్మెస్సీ రెండో ఏడు మా ప్రొఫెసరుగారు తలో పని పంచారు. ఒకరికి సబ్బు, ఒకరికి తలనూనె, ఇంకొకరికి మొహానికి రాసుకునే స్నో. చివరికి మిగిలిన కుంకుమ నాకొచ్చింది. చెమటకి కారకూడదు, చర్మానికి హాని చెయ్యకూడదు, అలాంటిది తయారు చెయ్యాలి. ఆయన పరాయి దేశంలో చదువుకొచ్చిన మనిషి. నా నుదురు ఖాళీగా ఎందుకుందో ఆయనకి తట్టినట్టు లేదు. నాతో చదివే మగపిల్లలకి తట్టింది. అందరూ తలలు వంచుకుని, కడిగిన గాజు గొట్టాల్నే మళ్ళీ కడుక్కున్నారు. నేను సరేనండీ అన్నాను. కాదంటే కారణం చెప్పాలి, అది నా నోటితో చెప్పడం నాకిష్టం లేదు.

కారణం పెద్దదేం కాదు. చిన్నప్పుడే పెళ్ళి చేశారు, ఏడాది తిరక్కుండా అతను టైఫాయిడ్‌తో పోయాడు. అతని మొహం నాకు గుర్తు లేదు. పీటల మీద పక్కన కూర్చున్నప్పుడు మోకాలి మీద కనిపించిన పుండు మచ్చ ఒక్కటే గుర్తుంది. చోడవరం తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉన్న మా నాన్న, చుట్టాలు ఎన్ని అన్నా చెవిన పెట్టకుండా నన్ను చదివిస్తూ పోయాడు. చదువు వచ్చింది గానీ బొట్టు రాలేదు.

లేబరేటరీలో రెండు రకాలు చేశాను. మొదటిది మన పాత పద్ధతే, పసుపులో సున్నం, వెలిగారం కలిపి ఎరుపు తెప్పించడం. అది మెత్తగా, మంచిగా ఉంటుంది, కానీ చెమటకి పాలిపోతుంది. రెండోది ఫ్యాక్టరీ రంగు కలిపింది. అది ఎండకీ చెమటకీ చెక్కు చెదరలేదు. రెండూ నా ముంజేతి మీద రోజుల తరబడి రాసుకుని చూశాను. ఏమీ కాలేదు. హాస్టల్లో అన్నం తింటూ పక్కమ్మాయికి చెయ్యి చూపించి, చూడు, ఏమీ కాలేదు అన్నాను. ఆ పిల్ల తన కంచం కాస్త అవతలికి జరుపుకుంది.

చెయ్యి వేరు, నుదురు వేరు అన్నారు ప్రొఫెసరుగారు. రోజూ బొట్టు పెట్టుకునే ఆడవాళ్ళ మీద, నడివేసవిలో చూసి రమ్మన్నారు. అలా రెండు డబ్బాలు సంచిలో పెట్టుకుని చోడవరం బస్సెక్కాను. దారి పొడుగునా నాకు ఒకటే బెంగ. నా చేతి కుంకుమ ఏ ముత్తయిదువ పెట్టుకుంటుంది? నేను ఎదురొస్తేనే గుమ్మంలో ఆగి, మంచినీళ్ళు తాగి మరీ బయల్దేరే ఊరు మాది.

ఉపాయం అమ్మ చెప్పింది. శుక్రవారం పసుపు కుంకాలకి వచ్చేవాళ్ళకి తలో పొట్లం ఇస్తానంది, అనకాపల్లి కొట్లోకి కొత్తగా వచ్చిందని చెప్తానంది. నన్ను మాత్రం వెనకగదిలోంచి కదలొద్దంది. మా అమ్మ అబద్ధం ఇంత నున్నగా ఆడగలదని నాకు ఆ వేసవిలోనే తెలిసింది. పొట్లాలు రెండు రకాలూ వెళ్ళాయి. వారం తిరిగాక అందరూ మళ్ళీ వచ్చినప్పుడు, తలుపు వెనక నించుని విన్నాను. చెరుకుతోటలో పొద్దల్లా ఉన్నా చెక్కు చెదరలేదని ఒకావిడ, రంగు బాగుందని ఇంకొకావిడ. చివర్లో ఎవరో పెద్దావిడ అంది:

"ఎవుర్తి సేసిందో గానీ, ఆ తల్లి సేతులు సల్లగుండాల."

నా రెండు చేతులూ నేనే పట్టుకున్నాను. అంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా రాలేదు. దాన్ని చెప్పుకుందుకు గదిలో బియ్యం బస్తాలు తప్ప ఎవరూ లేరు.

ఎదురింటి కోడలు అప్పుడే కాపరానికొచ్చిన కె.కోటపాడు పిల్ల. పొద్దున్నే వాకిట్లో ముగ్గేస్తుంటే కిటికీలోంచి కనబడేది. ఆ పిల్ల బొట్టు రోజురోజుకీ పెద్దదవుతోంది. వాళ్ళత్తగారు మురిసిపోయి, మా కోడలికి అయిదోతనమంటే ఎంత భక్తో చూడండి అని వీధంతా చెప్పుకుంది. నేను కిటికీకి మొహం ఆనించి చూశాను. బొట్టు చుట్టూ చర్మం ఉబ్బి, చెమ్మగా మెరుస్తోంది. ఆ పిల్లకి దురద పుట్టింది. అది అత్తగారికి కనబడకుండా పెద్ద బొట్టు పెట్టుకుంది. పెట్టుకున్నదీ అమ్మ ఇచ్చిన పొట్లంలోని కుంకుమే, చెమటకీ చెదరని ఆ ఎరుపు నా ఫ్యాక్టరీ రంగుదే.

అమ్మకి చెప్తే, తాను మెల్లగా చెప్పి వస్తానని వెళ్ళింది. వేడి చేసి ఉంటుంది, కొత్త కోడలి చేత బొట్టు తీయించమంటావా అని అత్తగారు నవ్వి పంపేసింది. మర్నాడు ఆ పిల్ల కనురెప్పలు కూడా వాచాయి. ఇంకా వెనకగదిలో కూర్చోడం నా వల్ల కాలేదు. పట్టపగలు రోడ్డు దాటి వాళ్ళ వాకిట్లో నించున్నాను.

"ఆ కుంకం నేను చేసేను. నీకు పడలేదమ్మా. బొట్టు తుడిచెయ్, ఇప్పుడే."

అన్నాక గానీ నేనేం అన్నానో నాకు వినబడలేదు. ఒక విధవ, కొత్త పెళ్ళికూతుర్ని బొట్టు తుడిచెయ్యమంది. ఆ పిల్ల నేనేదో లాక్కుంటున్నట్టు అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళత్తగారు అన్న మాట ఇక్కడ రాయను. తెలుగు తెలిసినవాళ్ళకి రాయక్కర్లేదు కూడా.

నా వెనకే అమ్మ వచ్చింది. అరుగు మీద చెంబులో నీళ్ళున్నాయి. కొంగు తడుపుకుని తన నుదుటి బొట్టు అడ్డంగా తుడిచేసుకుంది. నేను పుట్టాక అమ్మ నుదురు అలా చూడ్డం అదే మొదలు. ఉత్త నుదురుతో అమ్మ అచ్చు నాలాగే ఉంది.

"సూడే గుంటా, నేను తుడుసుకున్నాను. మా ఆయన నిక్షేపంలాగ కచేరీలో ఉన్నారు. ఇప్పుడు నువ్వు తుడుసుకో."

ఆ పిల్ల ఏడుస్తూ తుడుచుకుంది. కింద చర్మం పచ్చిగా ఉంది.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. పొట్లాలన్నీ మా పెరట్లోకి తిరిగొచ్చి పడ్డాయి, కొన్ని విప్పకుండానే. శుక్రవారాలు మా గడప తొక్కినవాళ్ళు లేరు. వానలు పడేసరికి ఆ పిల్ల నుదురు మానింది, చిన్న నల్లమచ్చ మాత్రం ఉండిపోయింది. ఆ రంగు మనిషి చర్మానికి పనికిరాదని రాసి ఇచ్చాను, డిగ్రీ వచ్చింది.

ఆ వాకిట్లో ఇంకొకటి జరిగింది. ముత్తయిదువలు బోసినుదుటితో ఉండకూడదని అమ్మ పరుగున ఇంటికెళ్ళి, దేవుడి దగ్గరి పాత కుంకుమ తెచ్చింది. పుండు మీద కాకుండా ఆ పిల్ల పాపిట్లో పెట్టింది. తనూ పెట్టుకుంది. వేలికి ఇంకా కాస్త మిగిలింది. పక్కనే, తన ఎత్తునే నేనున్నాను. వరసలో మూడో ఆడదాన్ని. అమ్మ వేలు నా మొహం దాకా వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను.

ఎంతసేపో తెలీదు. కళ్ళు తెరిచేసరికి అమ్మ ఆ మిగిలింది తన సూత్రాలకి అద్దుకుంటోంది. పద, ఎండెక్కింది అంది. రోడ్డు దాటుతూ నేను ఆవిడ వైపు చూశాను. అమ్మ నా వైపు చూడలేదు.