ఎంగిలి గాలి

ఆపరేషన్ థియేటర్లో మత్తు మిషన్‌తో అమ్మమ్మది ముప్పై ఏళ్ల కాపురం. తాతయ్యతో కాపురం కంటే రెండేళ్లు తక్కువ, గొడవలైతే సగం కూడా లేవు. పదో తరగతి మూడు దండయాత్రల్లో గట్టెక్కి, ఆయాగా చేరి, నల్లటి రబ్బరు గొట్టాలు కడిగి ఆరేస్తూ ఆరేస్తూ టెక్నీషియన్ అయింది. థియేటర్లో అందరికీ పిన్ని. ఆవిడ మాట ఎవరైనా కాదంటే మాత్రం ఆ పిన్ని క్షణంలో అత్తగారైపోయేది.

ఆవిడకు లోకంలో ఒక్కటే శత్రువు, ఎంగిలి గాలి. మనిషి వదిలిన గాలినే మళ్లీ మళ్లీ పీలిస్తే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పోగుపడుతుంది. మెలకువలో ఉన్నవాడైతే ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చుంటాడు. మత్తులో ఉన్నవాడు ఎవరితో చెప్పుకుంటాడు? వాడి తరఫున అరిచే నోరు తనదేనని ఆవిడ ఎప్పుడో తీర్మానించేసుకుంది. ఇంట్లో తాతయ్య ముసుగుతన్ని పడుకున్నా దుప్పటి లాగేసేది.

"ఎంగిలి గాలి పీల్చకండి."

"నా ఎంగిలేగా! మధ్యలో నీకేం నొప్పే?"

"లేచాక తలనొప్పంటూ నా తల తినేది మీరేగా!"

ఇంట్లో సాగిన ఈ పెత్తనం ఒక సోమవారం ఆసుపత్రిలో ఆవిడ కుర్చీకే ఎసరు పెట్టింది. అంతకు వారం ముందు, గొట్టం బాగాలేదని నలభై నిమిషాలు పని ఆపించింది. తీరా చూస్తే గొట్టం నిక్షేపంలా ఉంది, పరీక్షకని దాని కొస మూసిన ఆవిడ వేలే సరిగ్గా ఆనలేదు. కత్తి పట్టే పెద్ద డాక్టరుకు ఒళ్లు మండిపోయింది. "ఇంకొక్కసారి ఊరికే ఆపారో, మిమ్మల్ని బట్టల స్టోరుకి పంపించేస్తాను. దుప్పట్లు మడతపెట్టుకుందురుగాని" అన్నాడు. అమ్మమ్మకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

సోమవారం మొదటి రోగి ఒక బస్సు డ్రైవరు, హెర్నియా ఆపరేషన్ కోసం బల్ల మీద పడుకుని ఉన్నాడు. మత్తు ఇవ్వాల్సింది నెల క్రితం చేరిన చిన్న డాక్టరమ్మ. కొత్త ప్యాకెట్ చించి గొట్టం తగిలించారు. అది గొట్టంలో గొట్టం. లోపలి సన్నదాంట్లో తాజా గాలి రోగి దాకా వస్తుంది, అతను వదిలింది బయటి లావుదాంట్లోంచి పోతుంది. తాజా గాలి జోరుగా వస్తూ ఉంటే ఎంగిలిని అదే ముందుకు గెంటేస్తుంది.

అమ్మమ్మ మిషన్‌లోంచి గాలి వదిలి, లోపలి గొట్టం కొసను చిటికెనవేలితో మూసింది. మిషన్ మీది గాజుగొట్టంలో గాలి మీద తేలే బుల్లి బొంగరం, గాలికి దారి మూసుకోగానే ఠక్కున కిందికి దిగాలి. దిగలేదు. కదిలితే ఒట్టు.

మళ్లీ వేలేనా? చెయ్యి తుడుచుకుని మళ్లీ మూసింది. బొంగరం అక్కడే. ఇక రెండో పరీక్ష. రోగి వైపు కొస మూసి, మిషన్‌కు వేలాడే రబ్బరు సంచిని గాలితో నింపి, కొస వదిలేసి, ఆక్సిజన్ మీట గట్టిగా నొక్కింది. సంచి బూరెబుగ్గలా నిండుగానే నిలబడింది.

"చూశారా పిన్నీ, ఎంత నిండుగా ఉందో! ఎక్కడా లీకు లేదు" అంది డాక్టరమ్మ సంతోషంగా.

"అదే తల్లీ వచ్చిన చిక్కు. లోపలి గొట్టం సరిగ్గా ఉంటే, దాంట్లోంచి దూసుకొచ్చే గాలి చుట్టూ ఉన్న గాలిని కూడా లాక్కుపోవాలి. సంచి చిక్కిపోవాలి. ఇది బలిసి కూర్చుంది."

"తేడా వస్తే మానిటర్లో కార్బన్ డయాక్సైడ్ గీత పైకి లేస్తుందిగా?"

"ఈయన పీల్చాక లేస్తుంది. ముందే తెలిస్తే పీల్పించడం ఎందుకు?"

అంతలో చేతులు కడుక్కుని పెద్ద డాక్టరు వచ్చాడు. "ఏంటి, మళ్లీనా?"

"మళ్లీనే సార్."

"స్టోరు సంగతి గుర్తుందా?"

"బాగా గుర్తుంది. ముందు ఈ గొట్టం విప్పనివ్వండి. తప్పు నాదైతే మీరే దగ్గరుండి దింపిరండి."

బల్ల మీంచి డ్రైవరు తల ఎత్తాడు. "చూసుకోనివ్వండి సార్. బ్రేకులు అనుమానంగా ఉంటే నేనూ బండి తియ్యను."

అమ్మమ్మ మిషన్ వైపు బిగింపును మెలితిప్పి లాగింది. లోపలి గొట్టం కొస దేనికీ అంటుకోకుండా వేలాడుతోంది. కంపెనీవాళ్లు అతికించడమే మర్చిపోయారు. డాక్టరమ్మ వంగి ఆ కొసను పట్టి చూసి అంది:

"అంటే తాజా గాలి ఇక్కడే ఆగిపోయేది. ఈ పొడవంతా ఎంగిలి నిండి, ఆయన అదే పీల్చేవాడు."

పెద్ద డాక్టరు గొట్టాల ప్యాకెట్లు వచ్చిన పెట్టె వైపు తిరిగాడు. "ఆ పెట్టెలో ఇంకెన్ని ఉన్నాయి?"

"పదకొండు. అన్నీ చూడాలంటే పని ఆగుతుంది సార్" అంది అమ్మమ్మ అమాయకంగా.

"ఆగనివ్వండమ్మా" అని ఆయన గోడకు ఆనుకున్నాడు.

ముందే పరీక్షించి ఉంచిన గొట్టంతో డ్రైవరు పని సుఖంగా ముగిసింది. రెండో రోగిని తెచ్చేలోపు అమ్మమ్మ ఆ పెట్టెను డాక్టరమ్మ ముందుకు తోసి, తను ముక్కాలిపీట మీద కూర్చుంది. మొదటి మూడు ప్యాకెట్లకీ సంచి బుద్ధిగా చిక్కిపోయింది. నాలుగోదానికి డాక్టరమ్మ మీట నొక్కి, నిండుగానే నిలబడ్డ సంచి వైపు చూసి, ఎవరినీ అడక్కుండానే గొట్టం పీకి చెత్తబుట్టలో వేసింది.

"ఇది పనికిరాదు పిన్నీ. తర్వాతది ఇవ్వండి."