రత్తమ్మత్త కుట్టిన పుస్తకాలు

నరసరావుపేటలో మేముండే వీధిలో వేసవి సెలవులు మొదలవగానే ట్యుటోరియల్ కాలేజీల వాళ్ళు గోడలకు పోస్టర్లు అంటిస్తారు. ఈమధ్య ఒక పొద్దున పాలకోసం తలుపు తీస్తే, ఎదురు ప్రహరీ పక్కన ఒకాయన బకెట్లో మైదా జిగురు కలుపుతున్నాడు. ఉడికిన పిండి వాసన, దానికింద సన్నగా మైలుతుత్తం ఘాటు. ఆయన నాలుగు పోస్టర్లూ అంటించి సైకిలెక్కి వెళ్ళిపోయేదాకా పాల ప్యాకెట్టు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని చూశాను. ఏమీ అనిపించలేదు. ఆ వాసన ఎవరి అరుగు మీదదో మాత్రం గుర్తొచ్చింది.

మాది గురజాల దగ్గర ఒక ఊరు. చుట్టూ నాపరాయి క్వారీలుండేవి కాబట్టి మా ఇళ్ళ గోడలు, పైకప్పులు, అరుగులు, గొడ్లు కుడితి తాగే తొట్లు కూడా నాపరాళ్ళవే. ఎండాకాలం మధ్యాహ్నానికి ఆ రాళ్ళు పెనాల్లా కాలిపోయేవి; సాయంత్రం బిందెడు నీళ్ళు గుమ్మరిస్తే చుయ్యిమని ఆవిరి లేచేది, పిల్లలం ఆ తడి ఆరకముందే బోర్లా పడుకుని పొట్టలు చల్లబరుచుకునేవాళ్ళం. తొక్కుడుబిళ్ళ ఆడటానికి పెంకులు వెతుక్కునే పని లేదు, ఎటు చూసినా నున్నటి రాతి బిళ్ళలే. తొలి ఏకాదశికి పేలపిండి, నాగుల చవితికి చిమ్మిలి, అట్లతద్దికి తెల్లవారుజామునే పెరుగన్నం గోంగూర పచ్చడి తిని వీధంతా తిరిగే ఆటలు, చలి తగ్గేసరికి ఊరంతా తుమ్ములు. మిరపకాయలు కళ్ళాల నుంచి ఇళ్ళకు చేరాయని ఆ తుమ్ములకు అర్థం.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల రత్తమ్మత్త ఉండేది. చుట్టరికమేమీ లేదు, అమ్మ ఆమెను వదినా అని పిలిచేది కాబట్టి నాకు అత్త. ఏడో తరగతి దాకా చదివింది. ఆమె భర్త వీరయ్య మామ నాపరాళ్ళ లారీ తోలేవాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు గానీ, బెజవాడలో రాళ్ళు దించి వచ్చేటప్పుడు పాతకాగితాల కొట్టు ముందు బండి ఆపి, భార్య కోసం పాత వారపత్రికలు ఏరి కట్టలు కట్టించుకుని తెచ్చేవాడు. అట్ట మీద బొమ్మలు చూసి ఏరడమే కాబట్టి ఒకే సంచిక రెండేసి వచ్చేది, మధ్యలో మూడు వారాలు అసలే ఉండేవి కావు.

రత్తమ్మత్త వాటిలోంచి సీరియల్ పేజీలు చించి, వరస చూసి పేర్చి, దబ్బనంతో బెజ్జాలు పొడిచి, గోనెసంచి పురికొసతో కుట్టేది. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, ఆ జిగురుతో సిమెంటు సంచి కాగితాన్ని అట్టగా అంటించేది. ఎగిరిపోకుండా పైన రాతి ముక్క పెట్టి అరుగు మీద ఆరబెట్టేది. అట్ట మీద పేరు మాత్రం రాసేది కాదు. లోపల కథ ఉండగా పైన పేరుతో పనేముందనేది. అందుకే మా బజార్లో పుస్తకాలకు మేం పెట్టుకున్న పేర్లే ఉండేవి: నూనె మరక పుస్తకం, ఎర్రదారం పుస్తకం, దూడ నమిలిన పుస్తకం. అవి ఎవరు రాశారో మాలో ఎవరికీ తెలియదు.

మిరపకాయల కాలంలో మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆరేడుగురు ఆడవాళ్ళు రత్తమ్మత్త వసారాలో చేరేవాళ్ళు. రంగు పోయిన తాలుకాయలు ఒక పక్కకు ఏరుతూ ఉంటే, ఒకరు పుస్తకం పట్టుకుని పైకి చదివేవాళ్ళు. చదివే మనిషికి ఏరుడు పని ఉండదు, చేతులు శుభ్రంగా ఉండాలి. అయినా ప్రతి పుస్తకంలోనూ ఎవరో ఒకరి వేలిముద్ర ఎర్రగా ఉండేది. ఎక్కువగా మా అమ్మే చదివేది. అమ్మ గొంతు మెల్లగా, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా సాగేది. మధ్యలో పోయిన వారాలు వచ్చినప్పుడు చదవడం ఆపి, ఆ మూడు వారాల్లో ఏం జరిగి ఉంటుందో అందరూ తలా ఒకటి కల్పించేవాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు. చివరికి రత్తమ్మత్త ఏదో ఒకటి ఖాయం చేస్తే అదే కథ అయ్యేది.

తను చదవని పుస్తకం ఆమె ఇంకొకరికి ఇచ్చేది కాదు. ఇచ్చేముందు ఆ మనిషి ముఖం కాసేపు చూసేది. కొత్తగా కాపురానికొచ్చి బెంగతో అన్నం తినని కోడలికి పగలబడి నవ్వించే పుస్తకం ఇచ్చింది. మొగుడు పోయినప్పుడు ఒక్క చుక్క కన్నీరు పెట్టని శేషమ్మవ్వకు, చదువు రాకపోయినా, చానా ఏడుపు పుస్తకం ఒకటి మా అమ్మతో మూడు మధ్యాహ్నాలు చదివించింది. మూడో రోజు శేషమ్మవ్వ మిరపకాయల చేత్తోనే కళ్ళు తుడుచుకుని, ఆ మంట మీద నెపం పెట్టి సాయంత్రం దాకా ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. నేను ఒకసారి దూడ నమిలిన పుస్తకం తీసుకోబోతే చెయ్యి పట్టుకుని, “ఇప్పుడు చదవమాక పద్దూ. నీకింకా ఎవురి మీదా కోపం రాలేదు, ఇదేంటో నీకు తెలవదు,” అని పైన పెట్టేసింది.

ఒక ఏడాది వీరయ్య మామ తెచ్చిన కట్టలో ఒక్క వారం కూడా పోకుండా పెద్ద సీరియల్ మొత్తం దొరికింది. తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ ఓడరేవు ఊరికి పోయిన ఒక అమ్మాయి కథ. అంత మందానికి దబ్బనం దిగక రత్తమ్మత్త దాన్ని రెండు పుస్తకాలుగా కుట్టాలనుకుంది. మొదటి సగం కుట్టి అమ్మకిచ్చింది. ఆ అమ్మాయి ఒక ఇంటి తలుపు తట్టడంతో అది ఆగిపోతుంది. అమ్మ దాన్ని రెండుసార్లు చదివి, రెండో సగం కోసం రోజూ అడిగేది. అత్త ఇంకా కుడుతూ ఉండగానే పంచాయతీ ఎన్నికలొచ్చాయి.

వీరయ్య మామ లారీ తోలే క్వారీ యజమానిది ఒక పార్టీ. మా నాన్నది రెండోది. నామినేషన్లు వేసిన రోజుకే బజారు రెండుగా చీలింది. టీ కొట్లు వేరు, బోరింగు దగ్గర బిందెలు పెట్టే వేళలు వేరు, మంగలి వచ్చే రోజులు కూడా వేరు. వాళ్ళ గడప తొక్కితే కాళ్ళు విరుగుతాయని నాన్న అమ్మకూ నాకూ కలిపి ఒకేసారి చెప్పాడు. అమ్మ ఎదురు చెప్పలేదు. ఆ ఏడు మిరపకాయలు ఎవరింట్లో వాళ్ళం ఏరుకున్నాం. చదివేవాళ్ళు లేక ఆ పని చానా పొడుగ్గా ఉండేది.

మా పార్టీ గెలిచింది. తర్వాత పది రోజులకేమో, బడి నుంచి వస్తుంటే బోరింగు దగ్గర రత్తమ్మత్త ఒక్కతే ఉంది. నాకప్పుడు పదకొండేళ్ళు. నన్ను చూసి కొంగు కింద నుంచి పుస్తకం తీసింది. అట్ట ఇంకా గట్టిగా, కొత్తగా ఉంది.

“పద్దూ, మీ అమ్మకియ్యి. పొద్దున పూట చదవమను, మాపటేళ చదవొద్దని చెప్పు,” అంది.

ఎదురుగా టీ కొట్టు బల్ల మీద నాన్న చిన్నాయన కొడుకు కూర్చుని నన్నే చూస్తున్నాడు. నాకు భయమేసింది. తీసుకోనని చెబితే సరిపోయేది. నేను అంతటితో ఆగలేదు.

“మీ పుస్తకాలు మాకొద్దంది మా అమ్మ,” అన్నాను.

అమ్మ అలా ఎప్పుడూ అనలేదు. రత్తమ్మత్త చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత పుస్తకాన్ని మళ్ళీ కొంగు కిందికి లాక్కుని, “సరేలేమ్మా,” అంది. నేను ఇంటికొచ్చి సంచి తగిలించి, పెరుగన్నంలో మాగాయ నంజుకుని తిన్నాను. అమ్మకేమీ చెప్పలేదు.

తర్వాత వారంలోనే ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, వీరయ్య మామ వాళ్ళ వరిగడ్డి వామి తగలబడింది. ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. అప్పుడు నాన్న ఇంట్లో లేడు. వచ్చాక కాళ్ళు కడుక్కుని అన్నం పెట్టమన్నాడు. ఎక్కడికి వెళ్ళావని అమ్మ అడగలేదు, నేనూ ఎప్పటికీ అడగలేదు. రెండోనాడు పొద్దునే వాళ్ళ సామాను మామ తోలే లారీలోనే ఎక్కించుకున్నారు. మంచాలు, ధాన్యం గోతాలు, ఇద్దరు పిల్లలు. రత్తమ్మత్త ముందు సీట్లో కూర్చుంది. మా ఇంటి ముందు నుంచే లారీ పోయింది. అమ్మ తలుపు వారగా నిలబడి చూసింది. మాచర్ల పోయారని తర్వాత ఎవరో అన్నారు.

చాలా రోజుల తర్వాత నాకు తల దువ్వుతూ అమ్మ అంది: “పోయేదేదో ఆ రెండో సగం ఇచ్చి పోవచ్చుగా. అంత చదివిన మనిషి, ఆఖరికి పార్టీ మనిషే అయింది.” నేను జడ కదపకుండా కూర్చున్నాను. ఆ మాట అమ్మ తర్వాత కూడా అంది. నేను కాలేజీ లైబ్రరీ నుంచి నవలలు తెచ్చిచ్చిన రోజుల్లో అంది, నా పెళ్ళయ్యాక మా ఇంటికొచ్చినప్పుడు అంది. అన్నిసార్లూ విన్నాను. మొదటి సగానికి ఒక వానాకాలం చెదలు పట్టి, పొయ్యిలో వేయాల్సి వచ్చింది. చివరి రోజుల్లో గుంటూరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, చదువుకోవడానికి ఏం తెమ్మంటావమ్మా అని అడిగాను. ఏదో ఒకటి తెమ్మంది. కాసేపాగి, “రత్తమ్మొదిన అయితే చెప్పేది, ఇప్పుడేది చదవాలో,” అంది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయిందని రాస్తే బాగుంటుంది గానీ, అసలు రాలేదు. రెండు రోజులకు అమ్మ పోయింది.

ఇది జరిగిన నాలుగేళ్ళకు, అంటే పోయినేడాది, ఫోన్లో నేనున్న పాఠకుల గ్రూపులో మౌనిక అనే అమ్మాయి ఒక ఫొటో పెట్టింది. ఆ గ్రూపులో రోజుకు పాతిక పుస్తకాల పేర్లు వస్తాయి, తప్పక చదవండి అంటారు, ఎవరికి చెబుతున్నారో వాళ్ళకూ తెలియదు. ఫొటోలో సిమెంటు సంచి కాగితం అట్ట, గోనె పురికొస కుట్టు. ఇది మా అమ్మమ్మ కుట్టిన పుస్తకం, మొదటి భాగం లేదు, ఏ నవలో ఎవరైనా గుర్తుపట్టగలరా అని రాసింది. కింద అందరూ తలా ఒక పేరు రాశారు. నేనేమీ రాయకుండా ఆ అమ్మాయి నంబరుకు ఫోన్ చేశాను. ఆదివారం మాచర్ల బస్సెక్కాను.

రత్తమ్మత్తకు చూపు పోయింది. మంచం మీద గోడకానుకుని కూర్చుంది. మనవరాలు పక్కన చేరి రోజూ కాసేపు చదివి వినిపిస్తుందట. నేనెవరో చెప్పాక నా చెయ్యి తడిమి, “సీత కూతురివా. మీ అమ్మ ఏం చదవతా ఉంది ఇప్పుడు?” అని అడిగింది.

అమ్మ పోయిందని చెప్పాను. ఎన్నాళ్ళయిందని అడిగింది, చెప్పాను. కళ్ళు బాగానే ఉన్నాయా చివరిదాకా అని అడిగింది, ఉన్నాయన్నాను. తర్వాత చెప్పేశాను.

“పుస్తకం వద్దని మా అమ్మ అనలేదత్తా. ఆ మాట నేనే కల్పించా. నువ్వు ఇయ్యబోయావని కూడా అమ్మకు తెలవదు.”

బయట ఎవరో ఆటో స్టార్ట్ చేస్తున్నారు, అది ఎంతకీ అందుకోవడం లేదు.

“నలభై ఏళ్ళు మీ అమ్మను తిట్టుకున్నానే,” అంది చివరికి. తర్వాత ముఖం నా వైపు తిప్పి అడిగింది: “మరి ఆమె? నన్నేమన్నా అనుకునేదా?”

“లేదత్తా. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు,” అన్నాను.

ఆమె తల ఊపింది. మౌనిక అన్నం పెట్టింది. దోసకాయ పప్పు, కారప్పొడి, నెయ్యి. కడుపునిండా తిన్నాను. వచ్చేటప్పుడు రత్తమ్మత్త పుస్తకం నా చేతికి ఇప్పించింది. ఎప్పుడు చదవాలో ఈసారి చెప్పలేదు.

మర్నాడు పొద్దున కూర్చుని చదివాను. తలుపు తీసింది ఆ అమ్మాయి అన్న కాదు, ఆ ఇంట్లో అద్దెకున్న ఇంకెవరో. చాలా పేజీల తర్వాత అన్న దొరుకుతాడు, ముందు గుర్తుపట్టడు, తర్వాత గుర్తుపడతాడు. ఆఖర్లో ఆ అమ్మాయికి పెళ్ళవుతుంది. మామూలు నవల. మాపటేళ ఎందుకు చదవకూడదో తెలియలేదు. పన్నెండు గంటలకల్లా అయిపోయింది. పుస్తకం మూసి కుక్కర్ పెట్టాను.

మొన్న పొలం పాసుపుస్తకం పనిమీద ఊరెళ్ళాను. రత్తమ్మత్త వాళ్ళ ఇంటి స్థలంలో నీళ్ళ ప్లాంటు పెట్టారు. వసారాలు చాలావరకు పోయి గేట్లొచ్చాయి. మిరపకాయలు ఇళ్ళకు రావడం లేదు, కళ్ళం నుంచి నేరుగా కోల్డ్ స్టోరేజీకి పోతాయి. సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆనాటి క్వారీ యజమాని కొడుకు, మా నాన్న చిన్నాయన మనవడు, ఇద్దరూ పక్కపక్కన చేతులు జోడించి నవ్వుతున్నారు. రెండు ఇళ్ళ వాళ్ళూ ఒకే పార్టీలోకి వచ్చి చాలా కాలమైందట, పెళ్ళి సంబంధాలు కూడా కలుపుకున్నారట. ఆ గొడవలు ఎందుకొచ్చాయో ఇప్పుడున్నవాళ్ళకు తెలియదు.

బస్సు కోసం నిలబడినప్పుడు పక్కన మా బజారు కోడలు ఒకామె ఉంది, ముప్పై ఏళ్ళుంటాయి. మాటల్లో, ఒకప్పుడు ఇక్కడ మధ్యాహ్నాలు మిరపకాయలు ఏరుతూ ఆడవాళ్ళందరూ పుస్తకాలు చదివించుకునేవాళ్ళని చెప్పాను.

“మన బజార్లోనా అక్కా? పుస్తకాలా?” అంది.

అవునన్నాను. ఆమె ఇంకేమైనా అడుగుతుందేమోనని కాసేపు చూశాను. అంతలో బస్సు వచ్చింది.