ముడత లేని సీటు

కార్లకు సీటు కవర్లు కుట్టే మేస్త్రికి ఒకటే పిచ్చి, ముడత. ఇంట్లో దుప్పటి నలిగినా, ఒంటిమీద చొక్కా నలిగినా ఆయనకు పట్టదు. సీటు మీద మాత్రం వేలెడంత ముడత కనబడితే ఆ పూట ముద్ద దిగదు.

వెనక సీటులో బెల్టు బిగించే బకిళ్ళంటే ఆయనకు మొదటినుంచీ గిట్టదు. కూర్చుంటే గుచ్చుకుంటున్నాయని కార్లవాళ్ళూ సణిగేవారు. మేస్త్రి వాటిని పరుపు కిందికి తోసేసి, పైన కవరు బిగించి, అరచేత్తో నిమిరి, "ఇప్పుడు కూర్చోండి, రాజాలా ఉంటుంది" అనేవాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. తన పాత కారుకైతే మరీ ముచ్చటపడి తేనెరంగు తోలుతో కుట్టుకున్నాడు. వెనక ఎవరైనా బిస్కెట్టు తింటే చాలు, అద్దంలో వాళ్ళ నోటివంకే చూస్తూ నడిపేవాడు.

కూతురు కాన్పయిన నాలుగోరోజు, తల్లీబిడ్డల్ని ఇంటికి తేవడానికి ఆ కారే ఆసుపత్రికి వెళ్ళింది. అల్లుడు ముందే కొనిపెట్టిన పసిపిల్లల సీటును, పాప ముఖం కారు వెనకవైపుకి ఉండేలా అమర్చాడు. బెల్టు లాగి దాని చుట్టూ తిప్పి, బకిల్ కోసం తడిమాడు. నున్నటి తోలు తప్ప చేతికేమీ తగల్లేదు.

"మామయ్యా, బకిల్ ఎక్కడుంది?"

ఎక్కడుందో మేస్త్రికి తెలుసు.

"ఇంత హడావుడి దేనికి బాబూ, నా ఒళ్ళో పడుకోబెట్టుకుంటాలే," అంది మేస్త్రి భార్య. "మీ ఆవిణ్ణీ అలాగే తెచ్చాం ఇంటికి."

"అప్పుడు మన అదృష్టం బాగుందమ్మా," అంది కూతురు. "గట్టిగా బ్రేకు పడితే ఎవరి చేతులూ బిడ్డను ఆపలేవట. నర్సమ్మ మరీ మరీ చెప్పింది. ఆ సీటు బిగించందే నేను కారెక్కను." పాపను హత్తుకుని అక్కడే బెంచీ మీద కూర్చుంది.

పాప పిడికిలి మేస్త్రి బొటనవేలంత ఉంది. ఈ ముప్పై ఏళ్ళలో ఎన్ని కార్లు, వాటిలో ఎంతమంది పిల్లలు. ఆయనకు నిజంగా భయం వేసింది.

జేబులోంచి బ్లేడు తీశాడు.

"నాన్నా, నీ కవరు..."

"ఉండమ్మా."

తేనెరంగు తోలు చర్రున చీలింది. లోపలికి చెయ్యి పోనిచ్చి బకిల్ని బయటికి లాగాడు. ఒక్కనాడైనా వాడి ఉంటే కదా, కొత్తదానిలా మెరుస్తోంది. బెల్టు టక్కుమని అందులో పడింది. మేస్త్రి పాప సీటును పట్టుకుని ఊపి చూశాడు, కదల్లేదు. పాపను పడుకోబెట్టాక, కుట్టు బిగువు చూసినట్టే భుజాల పట్టీలనీ వేలితో చూశాడు. తర్వాత పక్కన కూతురు కూర్చునేచోట కూడా కోశాడు.

మర్నాడు దుకాణంలో కూర్చుని ఒక్కొక్కరికీ ఫోను చేశాడు. "అయ్యా, మీ కారు వెనక సీటులో నేనో తప్పు చేశాను. ఒకసారి తీసుకురండి." తప్పు అనే మాట ఆయన నోట విని, అన్నం తెచ్చిన భార్య ముక్కున వేలేసుకుంది.

మొదట వచ్చింది ఒక టీచరమ్మ. వెనక ఆమె పన్నెండేళ్ళ కూతురు, రెండు ముందు సీట్ల మధ్య తల దూర్చి కబుర్లు చెబుతోంది. మేస్త్రి కవరు కోసి, అంచులు కుట్టి, బకిళ్ళు పైకి తీశాడు.

"నున్నగా ఎంత బాగుండేదో, అందమంతా పోయింది కదా మేస్త్రీ," అంది టీచరమ్మ.

"పోనీండమ్మా."

ఆ పిల్లను వెనక్కి జరిపి కూర్చోబెట్టి, తనే బెల్టు బిగించాడు. బెల్టు కింద ఆమె కొత్త గౌను అంతా ముడతలు పడింది. మేస్త్రి ఆ ముడతల్ని కాసేపు చూసి, తలుపు మెల్లగా వేశాడు.