అవ్వ ఎత్తిన ఫోను

తెల్లారి ఫోను మోగితే నేనిప్పటికీ ఉలిక్కిపడతాను. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లతో సహా అందరికీ ఓటు వచ్చిన కొత్తలో మన దేశం నుంచి డర్బన్ చేరాను. నర్సుగా రిజిస్ట్రేషన్ అయితే దొరికింది గానీ పర్మనెంటు ఉద్యోగం దొరకలేదు. ఒక ఏజెన్సీలో పేరిచ్చాను. ఏ ఆసుపత్రిలో నర్సు తక్కువైతే అక్కడికి రమ్మని పొద్దున్నే ఫోను చేసేవారు. ఎత్తకపోతే పని ఇంకొకరికి పోయేది. ఇవాళ పిల్లల వార్డు, రేపు ఇంకెక్కడో. ఎక్కడికెళ్లినా కొత్త కోడలి బతుకే, ఎక్కువ చాకిరీ ఉన్న పేషెంట్లంతా మన వాటాకే!

నేను అద్దెకున్నది ఆ ఊళ్లోనే ఆషర్‌విల్ అనే పేటలో, ఒక అవ్వ ఇంట్లో. ఆవిడ తాతలు చెరకు తోటల్లో కూలికి వచ్చిన కోస్తావాళ్లు. ఆవిడ మాటల్లో సగం ఇంగ్లీషు, మిగిలిన తెలుగంతా తిట్లే. తెల్లారకముందే దేవుడికి దీపం పెట్టుకుని హాల్లో ఫోను పక్కనే కుర్చీ వేసుకునేది. మోగగానే ఎత్తి, "ఆ అమ్మాయి యూనిఫాం వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది" అని ఏజెన్సీ ఆవిడకు ఇంగ్లీషులో చెప్పేసేది. నేనేమో ఇంకా దుప్పట్లో! తర్వాత నా మీద పడేది.

"లెగే పిల్లా! ఆళ్లు పిలుత్తన్నారు. తిని ఎల్లు."

రొట్టెలో బీన్స్ కూర చుట్టి చేతిలో పెడితేగాని గుమ్మం దాటనిచ్చేది కాదు. ఎంత విసుక్కునేదాన్నో. ఇప్పుడా రొట్టె కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

ఒకసారి వానలకు అవ్వ పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే అయింది. కానీ మంచం దిగదే! నర్సులు లేపబోతే చేతులు విదిలించి, "నా పిల్ల వస్తాది, అప్పుడు లెగుత్తా" అనేది. చూడ్డానికి వెళ్లిన నన్నేమో ఆవిడను లేపనిచ్చేవారు కాదు. అక్కడ నేను చుట్టాన్నే గాని నర్సును కాను. ఇలాగే పడుకుంటే అవ్వ ఇక నడవదని నాకు తెలుసు. ఆ భయంతో అన్నం సహించేది కాదు.

ఆ వార్డుకే పంపమని ఏజెన్సీ ఆవిడను అడిగాను. "అవసరం ఉన్నచోటికి పంపుతాం, మీకు కావలసినచోటికి కాదు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోను పెట్టేయబోతుంటే అడిగింది:

"ఈమధ్య మీరే ఎత్తుతున్నారు. ఆ పెద్దావిడ ఏమైంది?"

చెప్పాను.

"రోజూ మీ యూనిఫాం గురించి నాకు అబద్ధాలు చెప్పేదే, ఆవిడేనా?"

"ఆవిడే."

"అయితే నిజంగానే వేసుకుని ఉండండి. ఆ వార్డులో ఎవరు సెలవు పెట్టినా మొదట మీకే చేస్తాను."

ఆ వారంలోనే పిలుపొచ్చింది. నన్ను యూనిఫాంలో చూడగానే అవ్వ మొహం వెలిగిపోయింది.

"హాయిబో!" అంది, అక్కడి జులూవాళ్లు ఆశ్చర్యపోయినప్పుడు అనేట్టు. "తిన్నావా?"

"తిన్లేదు. నువ్వు ఇంటికొచ్చి పెడితేనే తింటా. లే."

నోటికొచ్చినట్టు తిడుతూనే నా భుజం పట్టుకుని లేచింది. కాళ్లు వణికాయి. అయినా నిలబడింది, ఒక అడుగు వేసింది. వార్డులో అందరి ముందూ ఏడ్చేశాను.

తర్వాత నాకు పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. ఇక ఏజెన్సీ ఫోను లేదు. అయినా అవ్వ చేతికర్ర గోడకు ఆనించి, పొద్దున్నే అదే కుర్చీలో కూర్చునేది.

"ఇక ఎవరూ పిలవరు గదవ్వా?"

"ఆళ్లు పిలవకపోతే ఏటి? నేను పిలుత్తా. లెగు, తిని ఎల్లు."

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నన్ను అలారం లేపుతుంది. తిన్నావా అని అడగదు.